చల్లారిన రసంలో ఆవ

1967 మార్చి నెలాఖరున నన్ను విజయనగరం ప్రయోగశాల నుంచి టెక్కలి పంచాయతీ సమితికి పది వారాల డెప్యుటేషన్ మీద పంపారు. నా హోదా టెక్నికల్ అసిస్టెంట్, రెండో గ్రేడు. అంటే సూక్ష్మదర్శినిని తుడిచే అటెండరుకు ఎగువన, అందులో కనిపించినదాని కింద సంతకం పెట్టే అధికారికి దిగువన. కళ్ళు చికిలించి చూడడం మాత్రం నా వంతు. పండ్లను, పండ్ల రసాలను చెడిపోకుండా నిల్వ చేసే పద్ధతులు పల్లెల్లో నేర్పడం మా శాఖ పని. ఆ శాఖ పేరు తరువాత చాలాసార్లు మారింది కనుక మా శాఖ అనే అంటాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. బి.ఎస్సీ. రసాయనశాస్త్రం మొదటి తరగతిలో ప్యాసయ్యాను. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని.

మా నాన్నగారు విజయనగరంలో సంస్కృతం మాస్టారు. పెళ్ళి కాని పిల్లను ఊరుకాని ఊరు పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. చదివించింది ఇంట్లో కూర్చోబెట్టడానికా అని నాన్నగారు ఒక్క మాటతో తేల్చేశారు. అమ్మ నాకు ఆరు రకాల పొడులు, రెండు జాడీల ఊరగాయ కట్టి ఇచ్చి, బయట ఎవరి ఇంట్లోనూ తినవద్దని ఒట్టు వేయించుకుంది. పరీక్షలకు చదువుకుంటోందని నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు కనుక, నాకు అన్నం వార్చడం తప్ప మరేమీ రాదని ఆవిడకు బాగా తెలుసు. మా అటెండరు దాలయ్య, ఆయన భార్య కూడా నాతో వచ్చి, బడి పక్కన సమితివాళ్ళు ఇచ్చిన రెండు గదుల్లో ఒకదానిలో దిగారు.

నేను వెళ్ళిన ఊరు టెక్కలి నుంచి భావనపాడు వెళ్ళే దారిలో, ఇసుక నేలల్లో, జీడితోటల మధ్య ఉంది. పేరు రాయను. ఈ కథలో చీవాట్లు తిన్నవారి మనవలు ఇప్పుడు అక్కడ పెద్దమనుషులు. వేసవిలో ఆ ఊరు ఎర్రగా, పచ్చగా పండిపోయి ఉండేది. జీడిపిక్క పలాస వెళ్ళేది, జీడిపండు పశువుల కుడితిలోకి వెళ్ళేది. మిగిలింది చెట్టుకింద కుళ్ళి తేనెటీగల పాలయ్యేది. ఆ పండును రసం తీసి, సీసాల్లో పెట్టి, వేసవి పోయాక కూడా తాగేలా చేయాలని మా శాఖ ఆలోచన. ఆ ఊరి మహిళామండలికి ఒక ప్రెస్సు యంత్రం, మూతలు బిగించే చేతి మిషను, వాడిన సీసాలు ఇచ్చారు. వాటితో పాటు నన్నూ ఇచ్చారు.

మహిళామండలి అధ్యక్షురాలు అప్పలనరసమ్మ. నలభై దాటిన రైతు ఇల్లాలు. అక్షరం రాదు, నోటికి అదుపు లేదు, చేతికి విశ్రాంతి లేదు. నన్ను మొదటిరోజు ఎగాదిగా చూసి, "ఈ పిల్లేటి, మనకి నేర్పుతాదా?" అని దాలయ్యను అడిగింది. నాకు వినపడాలనే అడిగింది. యంత్రం పెట్టుకోవడానికి చోటు ఇచ్చినది ఆవిడ భర్తకు అన్నగారు, ఊరి పెద్ద గురువునాయుడు. పిక్కలు ఆరబెట్టుకునే పెంకుటి కొట్టు ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. ఆడవాళ్ళ పనికి అంత మంచి కొట్టు ఎందుకని ఊళ్ళో కొందరు అడిగితే, మరదలి పోరు పడలేక ఇచ్చానని చెప్పుకున్నాడట.

పని పద్ధతి చెబుతాను. తెల్లవారకముందు రాలిన పండ్లు ఏరి, కడిగి, పిక్క తీసి, ప్రెస్సులో నొక్కుతాం. వచ్చిన రసం గొంతు పట్టేసే వగరు. ఆ వగరు పోవడానికి పలచటి బియ్యపు గంజి కలిపి కదలకుండా ఉంచితే, వగరంతా గంజితో కలిసి అడుక్కి దిగుతుంది. పైన తేటను గుడ్డలో వడకట్టి, పంచదార, నిమ్మరసం కలిపి, ఎనభై అయిదు డిగ్రీలకు వేడిచేసి, సీసాలకు ఎత్తి మూత బిగిస్తాం. గంజి సంగతి విని ఆడవాళ్ళు చాలాసేపు నవ్వారు. "పంచెకెడతాం గాని రసానికి గంజెట్టడం ఏటమ్మా?" అంది అప్పలనరసమ్మ. తేట తేరాక మాత్రం గ్లాసుతో ముంచుకుని తాగి, ఇంకో గ్లాసు ముంచుకుంది.

ఇక శత్రువు సంగతి. మేము ఈస్టు అంటాం. కంటికి కనబడని జీవి, పండు తొక్కమీదా గాలిలోనూ ఉంటుంది. తీపి దొరికితే తిని, గాలిబుడగలు వదులుతూ, రసాన్ని పులియబెట్టి కల్లును చేస్తుంది. వేడి చేస్తే చాలావరకు చస్తుంది. కొత్త మూతలూ నికరమైన వేడీ ఉంటే అంతటితో సరిపోతుంది కూడా. మా మూతలు ఒకసారి వాడినవి, మా పొయ్యి జీడికట్టెల పొయ్యి. అలాంటప్పుడు సోడియం బెంజోయేటు అనే మందు, నియమం ప్రకారం చిటికెడు కలపాలి. నాతో వచ్చిన బెంజోయేటు డబ్బా దారిలో తడిసి, చీటీ ఊడిపోయి చేరింది. చీటీ లేని రసాయనాన్ని తినే వస్తువులో కలపరాదన్నది మాకు నేర్పిన మొదటి నియమం. నేను కలపలేదు. ఆ విషయంలో ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు. మూతల మీద నమ్మకం పెట్టుకోవడమే తప్పు.

మొదటి విడత ఎనభై సీసాలు పెట్టాం. అయిదోరోజు మధ్యాహ్నం కొట్టులో టపటపమని చప్పుడు మొదలైంది. వెళ్ళి చూస్తే మూతలు చూరుకు తగిలి పడుతున్నాయి, రసం నురగకట్టి గోడలమీద కారుతోంది, కొట్టంతా పులుపుకంపు. అవి మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులని మరచిపోకూడదు. ఆ కంపు ఏమిటో ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు, ఇక్కడ పొగ ఊరంతా కమ్మేసింది. రెండు రోజుల్లో ఆ మాట సంతకు చేరింది. మూడోరోజు టెక్కలి నుంచి మద్యనిషేధం చూసే కానిస్టేబులు సైకిలు మీద వచ్చి, కొట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏమీ అనకుండా వెళ్ళాడు. అనకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఆ సాయంత్రం గురువునాయుడు కొట్టు ముందు నిలబడి నాతో కాదు, మరదలితోనే మాట్లాడాడు.

"ఆడోల్లు ఊరి మజ్జిన సారా కాస్తన్నారంట. నా కొట్టులోన. నానింక సంతకెల్తే తల ఎక్కడెట్టుకోవాల?"

"సారా కాదు బావా, పాడైపోయినాది. పాలు ఇరిగిపోతే పెరుగు దొంగతనం సేసినట్టేటి?" అంది ఆవిడ.

మంచి సమాధానమే, కాని ఆయన దగ్గర పనిచేయలేదు. ఇంకొక్క విడత చూస్తాననీ, అదీ పేలితే యంత్రాన్ని సమితి ఆఫీసుకు బండిమీద తోలించేస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు. యంత్రం పోతే నాకు బదిలీ మాత్రమే. మండలిలోని పదిహేనుమంది ఆడవాళ్ళకు మాత్రం, తమ చేతులతో మొదలుపెట్టిన మొదటి పని సారా పేరుతో మూతపడుతుంది. అప్పలనరసమ్మకు ఇక జీవితాంతం ఆ మాట తప్పదు. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదని దాలయ్య భార్య వచ్చి చెప్పింది. నాకు గుండె చెరువైంది.

వెంటనే మా అసిస్టెంట్ డైరెక్టరు గారికి బెంజోయేటు కావాలని తంతి కొట్టాను. జవాబు ఉత్తరం వచ్చింది. సరుకు జూనులో గాని రాదనీ, ఈలోగా స్థానికంగా దొరికే నిరపాయకరమైన పదార్థాలతో ప్రయత్నించి నివేదిక పంపవలసిందనీ సారాంశం. జీడిపండు మే నెల మధ్యకల్లా అయిపోతుంది. ఆ ఉత్తరం రాసినాయన జీవితంలో జీడిచెట్టు చూసి ఉండడని దాలయ్య అన్నాడు. నేను పై అధికారిని అలా అనకూడదు కనుక ఊరుకున్నాను.

స్థానికంగా దొరికేవి ఏమిటి? లవంగం, దాల్చినచెక్క, ఆవాలు, తులసి, కరివేపాకు. వీటిలో కొన్నింటి సారానికి ఈస్టును అణచే గుణం ఉందని చదువుకున్నాను. తలుపు వేసుకుని, ప్రయోగశాలలో నేర్పిన పద్ధతిలో ఒక్కొక్కటీ తూచి, దంచి, నీళ్ళు పోసి, ఇరవై నిమిషాలు మరిగించి, వడకట్టి, కషాయాలు తయారుచేశాను. ఒక్కో కషాయం నాలుగేసి సీసాలలో కలిపి, మెడకు రంగురంగుల దారాలు కట్టాను. రోజూ పొద్దున్న ఒక్కో చుక్క తీసి, విజయనగరం నుంచి తెచ్చుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్క రాసేదాన్ని.

అప్పుడే ఒకసారి అప్పలనరసమ్మను పిలిచి ఈస్టును చూపించాను. ఒక కన్ను మూసుకోవడం ఆవిడకు వచ్చేది కాదు, చేత్తో మూసుకుని చూసింది.

"సగ్గుబియ్యం నాగున్నాయి. ఓలమ్మ, పిల్లల్ని కూడా ఎడతన్నాయి." తల ఎత్తి, "ఈటికి ఏటంటే బయం?" అని అడిగింది.

మా శాస్త్రంలో ఆ ప్రశ్నను ఇంతకన్న సూటిగా అడిగినవారిని నేను చూడలేదు. అదే వెతుకుతున్నానని చెప్పాను.

ఫలితాలు ఇలా వచ్చాయి. తులసి, కరివేపాకు వేసినవి మామూలు రసం లాగే పొంగాయి. లవంగం ఎక్కువ వేసినది నిలబడింది గాని, తాగితే పంటి వైద్యుడి గదిలో కూర్చున్నట్టుంది. దాల్చినచెక్క మూడు రోజులు ఆపింది, నాలుగోరోజు ఓడిపోయింది. ఆవాలు అసలేమీ చేయలేదు. పుస్తకాలు అన్నింటికన్నా ఎక్కువగా పొగిడినది ఆవాలనే. పరిశీలన రిజిస్టరులో ఆవాల ఎదురుగా ‘నిష్ఫలం’ అని ఇంగ్లీషులో రాసి, కింద గీత కూడా గీశాను. పుస్తకాలు రాసినవాళ్ళు మన ఎండలు ఎరగరని అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా.

ఇక చేసేదేమీ లేదని అప్పలనరసమ్మకు చెప్పడానికి ఒక ఆదివారం ఉదయం ఆవిడ ఇంటికి వెళ్ళాను. పెరట్లో కూర్చుని పనసకాయ పొట్టు కొడుతోంది. నా ముఖం చూసి సంగతి గ్రహించినట్టుంది, ముందు అన్నం తిను, తరువాత చెప్పమంది. అమ్మ వేయించిన ఒట్టు గుర్తుంది. మూడు వారాలుగా పొడులూ అన్నమూ తిని నాలుక మొద్దుబారిన సంగతీ గుర్తుంది. కూర్చున్నాను.

చేసేది లేక ఆవిడ వంట చూస్తూ ఉన్నాను. నా జీవితంలో ఒక కూర మొదటినుంచీ చివరిదాకా చూడడం అదే ప్రథమం. పొట్టు ఉడికించి, నీరు పిండేసి, పోపులో వేసి, చింతపండు పులుసు పోసి మగ్గించింది. సన్నికల్లు మీద ఆవాలు, ఎండుమిరపకాయ, చన్నీళ్ళు చిలకరిస్తూ నూరింది. ఘాటు ముక్కుకెక్కి నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. కూర దించి పక్కన పెట్టి, ఆవముద్ద కలపకుండా పెరట్లోకి వెళ్ళి ఆకులు కోయడం మొదలుపెట్టింది. ఆకలి మీద ఉన్నాను కనుక, ఆవ కలపడం మరచిపోయావని అరిచి చెప్పాను.

ఆవిడ గుమ్మంలోంచి తల పెట్టి చూసింది.

"ఇప్పుడెలాగేస్తాను? సల్లారొద్దేటి? ఉడుకుడుకులోన ఆవేస్తే గాటు సచ్చిపోయి సేదెక్కిపోతాది. మీ అమ్మ సెప్పలేదా?"

నేను ఆవాలను ఇరవై నిమిషాలు మరిగించాను.

ముందు సిగ్గు వేసింది. ఆ వెనకే, ఎక్కణ్ణించి వచ్చిందో గాని, పట్టలేనంత సంతోషం వచ్చింది. అసలు కారణం నాకు తెలుసు. డిగ్రీ పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఆవగింజలో ఘాటు ఉండదు. ఘాటు కావలసిన సరుకు ఒక అరలో, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము మరో అరలో ఉంటాయి. గింజను చన్నీళ్ళతో నూరితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. ఈస్టుకు యముడు ఆ ఘాటే. ముందుగా మరిగిస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు పుట్టనే పుట్టదు. పుట్టిన ఘాటును మరిగే రసంలో పోసినా ఆవిరై ఎగిరిపోతుంది. ఇదంతా ఇంగ్లీషులో చక్కగా రాసి, బొమ్మ కూడా వేశాను. మా ఇంట్లో పనస పొట్టుకు, అరటి దూటకు, కందకు ఆవ పెట్టని వారం ఉండేది కాదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

నేను చేసిన పని చెప్పాను. అప్పలనరసమ్మ ముందు నమ్మలేదు. తరువాత గుమ్మానికి చేరబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి తిరగనంతగా నవ్వింది. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగితే, "ఈ అమ్మాయిగారు ఆవని పప్పు నాగ ఉడకెట్టేసింది" అని చెప్పి మళ్ళీ నవ్వింది. ఆ మాట సాయంత్రానికల్లా ఊరు దాటింది. కూర మాత్రం అద్భుతంగా ఉంది. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఒట్టు సంగతి అమ్మకు చాలా ఏళ్ళ తరువాత చెప్పాను.

మర్నాడే పని మొదలుపెట్టాం. ఇబ్బంది ఎక్కడంటే, మా నియమం ప్రకారం రసం వేడిగా ఉండగానే సీసాకెత్తి మూత వేయాలి. చల్లారబెడితే గాలిలోని ఈస్టు మళ్ళీ దిగుతుంది. ఆవ నియమం ప్రకారం రసం చల్లారాలి. రెండు నియమాలూ నిజమే. ఈ తగాదా మీద నేనూ అప్పలనరసమ్మా ఒక పూటంతా వాదించుకున్నాం. చివరకు కుదిరిన ఒప్పందం ఇది: రసాన్ని కాచి, ఉడకబెట్టిన గుడ్డను కుండ మూతికి వాసెన కట్టి, కుండను తడి ఇసుకలో పాతాలి. గుడ్డను ఆవనీళ్ళతో తడపాలి, దాంతో పైనుంచి దిగే ఈస్టుకు గుమ్మంలోనే మర్యాద జరుగుతుంది. ఈ గుడ్డ ఉపాయం ఆవిడదే. నలభై అయిదు డిగ్రీలకు దిగాక, ఆవాలను చన్నీళ్ళతో నూరి వడకట్టిన సారం కలిపి, ఆ క్షణమే మూత బిగించాలి. థర్మామీటరు నా చేతిలో ఉండేది. ఆవిడ కుండ పక్కకు మోచేయి ఆనించి, "సాలు, ఇంక ఎయ్యి" అనేది. మా ఇద్దరికీ రెండు డిగ్రీలకన్నా ఎక్కువ తేడా ఎప్పుడూ రాలేదు.

ఎంత వేయాలన్నది ఇంకో చిక్కు. ఎక్కువైతే రసం ముక్కులోంచి బయటికి వస్తుంది. తక్కువైతే ఈస్టు పెళ్ళి చేసుకుంటుంది. మూడు పాళ్ళలో చేసి, మండలి ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి రుచి చూపించాం. మా భాషలో దీన్ని రుచి పరీక్షా బృందం అంటారు. సభ్యులు మాట్లాడుకోకూడదని నియమం. ఆ నియమం ఆ రోజు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నడిమి పాలుకు కాస్త దాల్చినచెక్క కషాయం తోడు చేస్తే బాగుందని తేల్చారు. మొదటిరోజు గొంతులో చిన్న చురుకు ఉండేది, నాలుగైదు రోజులకు అది మెత్తబడి దాల్చినచెక్క వాసనలో ఒదిగిపోయేది.

గురువునాయుడి గడువు విడత ఇదే. సీసాలు కొట్టులో కాదు, తన వీధి అరుగు మీద, తన కళ్ళముందు పది రోజులు ఉండాలన్నాడు. సరే అన్నాం. ఆవ వేసినవి ఇరవై, ఏమీ వేయనివి నాలుగు పెడదామన్నాను. ఆవ వేసినవాటి మెడకు తెల్లదారం, ఏమీ వేయనివాటి మెడకు ఎర్రదారం కడతానన్నాను. ఈ ఎర్రదారందాన్ని పోలిక సీసా అంటాం. అది లేకపోతే, ఆవ వల్ల నిలిచిందో, ఆ వారం ఎండ తగ్గి నిలిచిందో ఎవరూ చెప్పలేరు. అప్పలనరసమ్మ ససేమిరా అంది.

"పేలతాదని తెలిసీ బావ అరుగుమీద ఎడతావా? నీకు మతిగాని పోయిందేటి?"

పేలకపోతే ఆవ గొప్పేమిటో ఎలా తెలుస్తుందని అడిగాను. అటూ ఇటూ తిరిగి, చివరకు ఎర్రదారం సంగతి బావగారికి ముందే చెప్పాలన్న షరతు మీద ఒప్పుకుంది. చెప్పాను. ఆయన తల ఊపాడు గాని, ఇందులో ఏదో మాయ ఉందని అనుకుంటున్నట్టు ముఖంలోనే కనిపించింది.

ఆరోరోజు మధ్యాహ్నం ఆయన అరుగు మీద కునుకు తీస్తుండగా, తలకు మూరెడు దూరంలో ఒక మూత ఎగిరింది. లేచి పంచె సర్దుకుంటూ మా కొట్టు దాకా పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు కోపంతో మాట తడబడింది. నేను వెళ్ళి సీసా ఎత్తి మెడ చూపించాను. ఎర్రదారం. మిగతా సీసాలు ఒక్కొక్కటీ ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. ఇంకో రెండు ఎర్రదారాల్లో బుడగలు పైకి లేస్తున్నాయి. తెల్లదారాల్లో ఏమీ లేదు. ఆయన తన మంచాన్ని అరుగు అవతలి చివరకు లాక్కున్నాడు.

పదోరోజు కానిస్టేబులుకు కబురు పంపింది అప్పలనరసమ్మే. సంతలో పోయిన మాట సంతకే తిరిగి చేరాలంటే ఆయన నోటితోనే చేరాలని ఆవిడ లెక్క. ఊరు సగం అరుగు ముందు పోగైంది. మండలి ఆడవాళ్ళు గోడవార వరసగా నిలబడ్డారు, ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. నేను ఉద్యోగంలో ఎన్నో తనిఖీలు చూశాను, అంత భయం మళ్ళీ ఎన్నడూ పడలేదు.

గురువునాయుడు తెల్లదారాన్ని వదిలి ఎర్రదారం సీసానే ఎత్తాడు. దాచిపెట్టదలచుకున్నది అందులోనే ఉంటుందని ఆయన నమ్మకం. నేను వద్దన్నాను, దాలయ్య వద్దన్నాడు. ఆయన మూత తీశాడు. రసం మీసాలనుంచి చొక్కా దాకా కొట్టింది. కానిస్టేబులు దగ్గరకు వచ్చి వాసన చూసి, ఇది పులిసిందని అధికారికంగా ప్రకటించాడు. జనం నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. నాయుడు కండువాతో ముఖం తుడుచుకుని, ఈసారి వరస మధ్యనుంచి ఒక తెల్లదారం లాగి, చేయి బారచాపి, ముఖం పక్కకు తిప్పుకుని మూత తీశాడు.

చప్పుడు లేదు. ఇంకోటి తీశాడు. లేదు. ఆరు సీసాలు తీశాడు. కానిస్టేబులు ఆరింటినీ వాసన చూసి, రెండింటిని రుచి చూసి, మూడోదాన్ని పూర్తిగా తాగాడు. నాయుడు కూడా ఒక గ్లాసు తాగి, నాలుక చప్పరించి, మరదలి వైపు చూశాడు.

"రసమేనే. కూసింత ఆవెట్టిన వాసన."

"ఆవెడితే ఆవ వాసనే వస్తాది బావా. సారా వాసన వస్తాదేటి?"

ఆయన నవ్వేశాడు. ఆయన నవ్వడంతో ఊరంతా నవ్వింది. గోడవార నిలబడ్డవాళ్ళలో ఒకావిడ హఠాత్తుగా ఏడ్చేసి, వెంటనే నవ్వేసింది. మిగిలిన సీసాలు అక్కడికక్కడే తాగేశారు. నివేదికకు నమూనాగా నాకు రెండు కావాలంటే, అవి చీర చెంగు కింద దాచుకోవలసి వచ్చింది. నేను ఎగిరి గంతు వేశానని దాలయ్య తరువాత మా ఆఫీసులో చెప్పాడు. రెండో గ్రేడు టెక్నికల్ అసిస్టెంట్లు గంతులు వేయరని నేను ఖండించాను, కాని వేసిన మాట నిజం.

యంత్రం కొట్టులోనే ఉండిపోయింది. ఆ ఏడాది మే మధ్యకు పండు అయిపోయేవరకు మండలివాళ్ళు రసం పట్టారు. కానిస్టేబులు తన ఇంట్లో పెళ్ళికి అడిగి పట్టుకెళ్ళాడు. అంతకుమించిన ధ్రువపత్రం మాకు అక్కర్లేకపోయింది.

నివేదిక ఎనిమిది పేజీలు వచ్చింది. అందులో ‘పద్ధతి సూచించినవారు’ అన్న గడిలో అప్పలనరసమ్మ పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. అసిస్టెంట్ డైరెక్టరు గారు దాన్ని కొట్టేసి ‘స్థానిక విచారణ’ అని దిద్ది, సాఫు రాసి పంపమన్నారు. సాఫు రాశాను, ఆవిడ పేరుతోనే. మళ్ళీ తిరిగి వచ్చింది. మూడోసారి, ఆ పేజీ కింద, ఈ ప్రయోగంలో మొదటి వైఫల్యానికి కారణం ఆవాలను మరిగించడం, మరిగించినది నేను అని నా పేరు, హోదా, తేదీ వేసి సంతకం పెట్టాను. తప్పుకు పేరు ఉన్నప్పుడు ఒప్పుకు కూడా ఉండాలి గదా అని ఆయన ముఖం మీదే అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టారు. ఆయన చెడ్డవారు కాదు, అలవాటు అలాంటిది.

ఈ సంఘటన నాకు నేర్పినది ఒకటే. ఒక పదార్థం పనిచేయదని రాసే ముందు, అది పనిచేసే విధంగా దాన్ని వాడామా అన్నది తేల్చుకోవాలి. ఆ విధానం పుస్తకంలో ఉండవచ్చు, పొయ్యి దగ్గర ఉండవచ్చు. నా విషయంలో రెండుచోట్లా ఉంది, రెండూ నాకు అందేంత దూరంలోనే ఉన్నాయి. నేను అడగలేదు, అంతే. తరువాత నా సర్వీసంతా నా దగ్గరకు శిక్షణకు వచ్చిన వారందరికీ, ఆడా మగా తేడా లేకుండా, మొదటి వారం వంట పని వేశాను. ప్రయోగశాల తాళం రెండోవారం ఇచ్చేదాన్ని.